తనిఖీ బల్ల దగ్గర రుక్మిణమ్మ

1981 జూన్‌లో నన్ను హోసూరుకు బదిలీ చేశారు. నేను పనిచేసింది ఒక వాహనాల కార్ఖానాలో. హోదా అసిస్టెంట్ ఇంజనీరు, విభాగం అనుబంధ పరిశ్రమల నాణ్యత. పెద్ద కార్ఖానా తనకు కావలసిన భాగాలన్నీ తానే చేసుకోదు. పిన్నులు, బుష్‌లు, వాషర్ల వంటివి చుట్టుపక్కల చిన్న యూనిట్లు చేసి పంపుతాయి. ఆ యూనిట్లకు వెళ్లి, వాళ్లు పనిచేసే పద్ధతి చూసి, సరిగా ఉందో లేదో రాయడం నా పని. నా పైన సీనియర్ ఇంజనీరు, ఆయన పైన మేనేజరు. రిపోర్టులో నా సంతకం అన్నిటికన్నా కింద ఉండేది. కానీ యూనిట్‌ను కళ్లతో చూసినవాడి సంతకం అదొక్కటే.

నాకు అప్పగించిన యూనిట్లలో మునిరత్నంది ఒకటి. బాగలూరు రోడ్డులో రేకుల షెడ్డు, రెండు లేతులు, ఒక డ్రిల్లింగ్ మిషను, ఆరుగురు మనుషులు. మునిరత్నం కృష్ణగిరిలో కిరాణా వ్యాపారం చేసే శెట్ల ఇంటివాడు. అన్నదమ్ములంతా అంగడిలో కూర్చుంటే ఇతను ఐటీఐలో టర్నర్ పని నేర్చుకుని బెంగళూరులో ఏడేళ్లు లేతు తిప్పాడు. తరువాత పెద్దన్న హామీ మీద బ్యాంకులో అప్పు తీసుకుని హోసూరులో షెడ్డు వేశాడు. అతను మాకు చేసి ఇచ్చేది గన్‌మెటల్ బుష్, అంటే చిన్న కంచు గొట్టం ముక్క. పెడల్ ఇరుసు దానిలో తిరుగుతుంది. కార్ఖానాలో దానికి పొడుగాటి నంబరు ఉండేది. చివరి రెండంకెలు పట్టుకుని అందరూ పద్నాలుగు నెంబరు అనేవారు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు మునిరత్నం లేడు. పొద్దున బెంగళూరుకు మాలు కోసం, మధ్యాహ్నం మా కొనుగోలు విభాగానికి, సాయంత్రం షెడ్డుకు, అతని రోజు అలా నడిచేది. షెడ్డులో కిటికీ పక్కన బల్ల దగ్గర ముప్పై ఏళ్ల ఆమె కూర్చుని బుష్‌లు చూస్తూ ఉంది. ముంజేతి దాకా నూనె మరకలు. నన్ను చూసి లేవలేదు. చేతిలో ఉన్నది ముగించి ట్రేలో పెట్టి, అప్పుడు అడిగింది.

"ఎవరు కావల్ల సార్?"

"తనిఖీకి వచ్చాను. ఇక్కడ ఇన్‌స్పెక్టరు ఎవరు?"

"నేనే," అంది. "ఓనరు కావల్లంటే ఆయప్ప సాయంత్రం వస్తాడు. ఆయప్ప నా మొగుడే. కానీ ఈ బల్లకాడ ఆయప్ప మాట చెల్లదు."

లేతు దగ్గరున్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆమె పేరు రుక్మిణమ్మ.

ఆ పని ఏమిటో కొంచెం చెప్పాలి. బుష్ రంధ్రం కొలతలో తేడా తల వెంట్రుక మందంలో నాలుగో వంతు దాటకూడదు. ప్రతి రంధ్రాన్నీ పరికరంతో కొలుస్తూ కూర్చుంటే పని సాగదు. అందుకని ప్లగ్ గేజి వాడతారు. అది రెండు కొసలున్న ఉక్కు కడ్డీ. ఒక కొస పేరు గో, అది రంధ్రంలో దిగాలి. రెండో కొస పేరు నో-గో, అది దిగకూడదు. మొదటిది దిగి, రెండోది దిగకపోతే ముక్క మంచిది. గేజిని తోయకూడదు, తిప్పకూడదు. దాని బరువుకు అదే దిగాలి. పుస్తకంలో ఇదంతా ఉంటుంది. ఆచరణలో అందరూ తోస్తారు. రుక్మిణమ్మ తోయలేదు. బుష్‌ను వేళ్ల మధ్య నిలబెట్టి, గేజిని పైన ఆనించి వదిలేది. అది దిగేటప్పుడు సన్నగా శబ్దం వచ్చేది. ఆ శబ్దం వింటూ ఆమె ముక్కను అటో ఇటో వేసేది. ముఖం కిటికీ వైపు ఉండేది.

ఆమె పుట్టిల్లు మత్తూరు. నాన్న వేరుశెనగ కాయల వ్యాపారి. ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. పనికి మనిషిని పెట్టుకునే స్తోమత లేక మొదట్లో మునిరత్నమే ఆమెను బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. వాళ్ల కూతురు అప్పటికి ఎనిమిదేళ్లది, కృష్ణగిరిలో నాయనమ్మ దగ్గర ఉండి చదువుకునేది. ఇద్దరూ ఆదివారం బస్సెక్కి వెళ్లి చూసి వచ్చేవారు. ఆదివారం కూడా షెడ్డు నడిస్తే వెళ్లేవారు కాదు. ఆ వారం ఆమె మాట్లాడేది కాదని మునిరత్నం ఒకసారి నాతో అన్నాడు.

1982 జనవరికి వరుసగా తొమ్మిది విడతల సరుకు, మా మాటల్లో తొమ్మిది లాట్లు, ఒక్క ముక్క తిరిగి రాకుండా వెళ్లాయి. అటువంటి యూనిట్‌కు మేము స్వీయ ధ్రువీకరణ ఇచ్చేవాళ్లం. అంటే ఇక మా గేటు దగ్గర తనిఖీ ఉండదు. యూనిట్ తన చీటీ కట్టి పంపితే సరుకు నేరుగా అసెంబ్లీ లైనుకు పోతుంది. చిన్న యూనిట్‌కు అది పెద్ద గౌరవం. ఆర్డరు కూడా రెట్టింపవుతుంది. దాని కోసం నేను నాలుగు పేజీల ఫారం నింపాలి. మూడో పేజీలో చీటీ మీద సంతకం పెట్టేవారి పేరు, అర్హత రాయాలి. డిప్లమా గాని, ఐటీఐ గాని ఉండాలన్నది నియమం.

ఆ తొమ్మిది లాట్లూ ఎవరి చేతి మీదుగా వెళ్లాయో నాకు తెలుసు. ఆ నియమానికి మినహాయింపు కోరవచ్చనీ తెలుసు. దాన్ని డీవియేషన్ నోట్ అంటారు. ఒక పేజీ. కారణాలు రాసి మేనేజరుకు పంపితే ఆయన ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. నేను రాయలేదు. ఆ ఊరికి వచ్చి ఏడు నెలలైంది. ఎనిమిదో తరగతి చదివిన ఓనరు భార్య కోసం మినహాయింపు అడిగితే సీనియర్ ఇంజనీరు ఏమనుకుంటాడోనన్నది ఒక కారణం. ఫారంలో "అర్హత గల వ్యక్తిని నియమించవలెను" అని రాసి, మునిరత్నానికి చెప్పాను.

అతను బాధపడతాడనుకున్నాను. తేలిక పడ్డాడు.

"మంచిదే సార్. మా పెద్దన్న ఎప్పటి నుంచో అంటా ఉండాడు, ఓనరు పెండ్లాము లేబరు నడుమ కూసోని చేతులు నల్లగ చేసుకుంటే మన అంగడికి ఏం మర్యాద అని. పాప కూడా అమ్మ అమ్మ అంటాది. ఆడ పోయి పాపను చూసుకుంటాది."

అందరికీ మంచిదే అనిపించింది. బిడ్డకు తల్లి దొరుకుతుంది, యూనిట్‌కు డిప్లమావాడు దొరుకుతాడు, నా ఫారం నిండుతుంది. ఆమెను అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. బడులు తెరిచే ముందు ఆమె కృష్ణగిరికి వెళ్లిపోయింది.

డిప్లమావాడి పేరు సుధాకర్. ఒంగోలు వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. శ్రద్ధగలవాడు, చేతిరాత ముత్యాల్లా ఉండేది. షెడ్డు పెరిగింది. మూడో లేతు, నాలుగో లేతు వచ్చాయి, మనుషులు పందొమ్మిది మందయ్యారు. మునిరత్నం ఒక స్కూటరు, ఒక తోలుసంచీ కొన్నాడు. ఎప్పుడు వెళ్లినా ఫోన్ దగ్గరో, ఎవరితోనో జీతం మాటల్లోనో ఉండేవాడు. ఒకరోజు అతను లేతు దగ్గర పనివాడి పక్కన నిలబడి, ఆగిపోయిన మిషను చక్రం మీద చెయ్యి వేసి ఉండడం చూశాను. నన్ను చూసి చెయ్యి తీసేశాడు. "నా పని వీడు చేస్తా ఉండాడు సార్, నేను బస్సులో కూసోని తిరిగే పని చేస్తా ఉండాను," అన్నాడు. భోజనం బస్టాండు హోటల్లో, నిద్ర షెడ్డు వెనక గదిలో. కృష్ణగిరికి నెలకొకసారి వెళ్తే ఎక్కువ.

నవంబరులో, దీపావళి అయిన మరుసటి వారం, మా అసెంబ్లీ లైను ఆగింది. పెడల్ ఇరుసు బుష్‌లో దూరడం లేదు. పద్నాలుగు నెంబరు లాటు మొత్తం పక్కన పెట్టించి కొలిచాం. రంధ్రాలు ఇరుకుగా ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, ట్రేలకు ట్రేలు. ప్రతి ట్రేకూ సుధాకర్ సంతకం చేసిన చీటీ ఉంది. లైను ఆగడమంటే మా దగ్గర క్షమించే తప్పు కాదు. యూనిట్‌కు నోటీసు వెళ్లింది. స్వీయ ధ్రువీకరణ రద్దు. రాబోయే మూడు లాట్లూ గేటు దగ్గర ముక్క ముక్కా చూస్తారు. వాటిలో ఒక్కటి తిరిగి వచ్చినా ఆమోదిత జాబితాలోంచి పేరు తీసేస్తారు.

మునిరత్నం నోటీసు పట్టుకుని నా టేబుల్ దగ్గరకు వచ్చాడు. పేరు తీసేస్తే షెడ్డు మూసుకోవాలి. పందొమ్మిది మందికీ పని పోతుంది. హామీ పెట్టిన అన్న ముందు నిలబడాలి. అతను గేజి మాట ఎత్తాడు.

"గో పోతా ఉండాది సార్. నేనే పెట్టి చూసినాను. గో పోతాది, నో-గో పోదు. మళ్లీ ఎట్ల ఇరుకు అంటారు?" అన్నాడు.

గేజిని, గేజిలన్నిటినీ సరిచూసే మా గేజి రూముకు పంపించాను. గో కొస అరిగిపోయి ఉంది. అరిగితే సన్నబడుతుంది. సన్నబడిన గేజి ఇరుకు రంధ్రంలోనూ దిగిపోతుంది. ఆరు నెలలకొకసారి గేజిని పంపి సరిచూపించుకోవాలని నియమం. సుధాకర్ తారీకు ప్రకారమే పంపబోతున్నాడు, ఇంకా వారం ఉంది. ఆర్డరు రెట్టింపైనప్పుడు గేజి అరుగుదల కూడా రెట్టింపవుతుందని అతనికి తట్టలేదు. నాకూ తట్టలేదు.

గేజి రూములో ఒక రిజిస్టరు ఉంటుంది. దాన్ని వెనక్కు తిప్పుతుంటే ఒక సంగతి కనబడింది. రుక్మిణమ్మ ఉన్న రోజుల్లో ఆ గేజి రెండుసార్లు గడువు కంటే ముందే వచ్చింది. రెండుసార్లూ సరిగ్గా అరుగుదల హద్దుకు వచ్చినప్పుడే వచ్చింది. ఎందుకు పంపావని మునిరత్నాన్ని అడిగాను. ఆలోచించి, "ఆమె పోరు పడలేక పంపినాను సార్. గేజి సరిలేదు, సరిలేదు అని ప్రాణం తీసింది," అన్నాడు. ఆమెకెలా తెలిసిందో అతను అడగలేదు.

ఆ ఆదివారం నేను కృష్ణగిరి వెళ్లాను. అంగడి కింద, ఇల్లు పైన. రుక్మిణమ్మ అత్తగారు దసరాలో మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుని మంచాన పడి ఉంది. రుక్మిణమ్మ ఆమెకు అన్నం తినిపించి, చేతులు కడుక్కుని వచ్చింది. చేతులు తెల్లగా ఉన్నాయి. నేను కూర్చోకముందే అడిగింది.

"పద్నాలుగు నెంబరు ఇంకా చేస్తా ఉండారా సార్?"

జరిగింది చెప్పాను. గేజి అరిగిందని ఆమెకు ముందే ఎలా తెలిసేదని అడిగాను. ఇది కూడా అడగాలా అన్నట్టు చూసింది.

"మా నాయన పొద్దున్నే అంగడి తీస్తానే తక్కెడ చూసుకుంటాడు. ఉత్త తక్కెడ ఎత్తి చూస్తాడు, తట్టలు ఇటుది అటు మార్చి మళ్లా చూస్తాడు. అది చూసుకోకుండా మొదటి బేరం తూచడు. తక్కెడ మంచిదే అని మనం నమ్మేది కాదప్పా, దినమూ అడగల్ల దాన్ని. గేజి కూడా తక్కెడే కదా."

ఆమె చేసింది ఇది. మొట్టమొదట ఆమోదం పొందిన లాటులోంచి, రంధ్రం ఇరుకు హద్దులో ఉన్న ఒక బుష్‌ను తీసి నూనెగుడ్డలో చుట్టి దాచింది. ప్రతి పొద్దునా మొదటి ముక్క పట్టే ముందు గేజిని ఆ బుష్‌లో వదిలేది. కొత్త గేజి దానిలో మెల్లగా దిగేది. మనసులో అయిదు లెక్కపెట్టేదాకా పట్టేది. రానురాను నాలుగుకు, మూడుకు దిగేది. మూడుకు దిగిన రోజు మొగుడి ప్రాణం తీసేది. ఇది ఏ కాగితంలోనూ లేదు. మునిరత్నం పొద్దున బెంగళూరు బస్సులో ఉండేవాడు కనుక ఎన్నడూ చూడలేదు. పొద్దున్నే వెళ్లి చూడాలని నాకెన్నడూ అనిపించలేదు. షెడ్డు విడిచి వెళ్లేటప్పుడు ఎవరికీ చెప్పలేదేమని అడిగాను.

"చెప్పమని ఎవరన్నా అడిగినారా సార్? సామాను సర్దుకోమనిరి, సర్దుకున్నాను."

ఆ తరువాత మూడు ఆదివారాలు సుధాకర్ ఒక పెట్టెడు బుష్‌లూ కొత్త గేజీ పట్టుకుని కృష్ణగిరి వెళ్లాడు. మొదటిసారి నేనూ వెళ్లాను. అంగడి వెనక వసారాలో చాప మీద కూర్చున్నారు. సుధాకర్ గేజి పెట్టి బొటనవేలితో నొక్కాడు.

"ఏమప్పా డిప్లమా, ఏటికి తోస్తావు? అదేమన్నా మొండి ఎద్దా? విడిచిపెట్టు. దిగాల్సిందైతే దిగుతాది."

"తొందరగా అవుతుందని, అమ్మా."

"తొందరగానే అయింది కదా, మీ లైను నిలిచిపాయె!"

వాడు నవ్వాడు, సిగ్గుపడ్డాడు, గేజి వదిలాడు. రెండు గంటల్లో వాడికి చెయ్యి కుదిరింది. నేర్పడానికి ఇరవై ముక్కలు చాలు. ఆమె మాత్రం పెట్టెలో ఉన్నవన్నీ చూసింది. వాడు లేచి నిలబడ్డాక కూడా చూస్తూనే ఉంది. కూతురు వచ్చి వీపు మీద వాలితే, "ఉండు తల్లీ, ఇంకొన్నే," అంది. చివరి ముక్క ట్రేలో పెట్టి, చేతులకంటిన నూనెను వెంటనే తుడుచుకోలేదు. షెడ్డులో కిటికీ పక్కన బల్ల అట్లే ఉందా అని అడిగింది. ఫోన్ పెట్టడానికి దాన్ని జరిపారని సుధాకర్ చెప్పాడు. "వెలుతురు ఆడే బాగుండేది," అంది.

మూడు లాట్లూ నెగ్గాయి. ఒక్క ముక్క తిరిగి రాలేదు. ఆమోదిత జాబితాలో మునిరత్నం పేరు నిలిచింది.

జనవరిలో స్వీయ ధ్రువీకరణకు మళ్లీ ఫారం వచ్చింది. ఈసారి నేను డీవియేషన్ నోట్ రాశాను. గేజి రూము రిజిస్టరు నకలు జతచేశాను. సంతకందారుగా రుక్మిణమ్మ పేరు ప్రతిపాదించాను. సీనియర్ ఇంజనీరు ఒక ప్రశ్న అడిగాడు, మేనేజరు ఏమీ అడగలేదు. ఆమోదం వచ్చింది. మునిరత్నం ఆ కాగితం రెండుసార్లు చదివి, "ఈసారి మా అన్న ఏమన్నా అననీ సార్, పిలుచుకొని వస్తాను," అన్నాడు. బాగలూరు రోడ్డులోనే ఇల్లు చూస్తానన్నాడు, పాపను హోసూరు బడిలో చేర్చవచ్చన్నాడు. ఇద్దరం కలిసి కృష్ణగిరి వెళ్లాం.

కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆమె తన పేరు ఉన్న చోటు చూపించమంది. తరువాత మొత్తం తెలుగులో చెప్పమంది. చెప్పాను. లోపలి గది నుంచి అత్తగారు పిలిచింది. రుక్మిణమ్మ వెళ్లి, ఆమెను పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, మళ్లీ వచ్చి కూర్చుంది.

"ఇది రాసేదానికి ఎన్నాళ్లు పట్టింది సార్?"

"రాయడానికి అరగంట. ఆమోదానికి పన్నెండు రోజులు."

"పోయినేడు కూడా ఈ కాయితం ఉండెనా?"

"ఉండింది."

ఆమె కాగితం మడిచి మొగుడి చేతికిచ్చింది. ఇంట్లో మంచాన పడిన మనిషి ఉంది, ఆమెను ఎత్తగలిగింది తానొక్కతే. పాప ఇప్పుడిప్పుడే తల్లికి అలవాటు పడింది. రాలేనని తల అడ్డంగా ఊపింది. మునిరత్నం ఏదో అనబోయాడు. "నువ్వు ఊరకుండప్పా," అంది. కాఫీ తెచ్చింది. పోయేటప్పుడు, గేజిని దినమూ అడగమని సుధాకర్‌కు చెప్పమంది.

బస్టాండులో మునిరత్నం ఆ కాగితాన్ని తోలుసంచీలో పెట్టుకున్నాడు. "మీరూ అడగలేదు, నేనూ అడగలేదు సార్," అన్నాడు. అంతకన్నా నన్ను తప్పు పట్టలేదు. నేనైతే పట్టేవాడిని.

అత్తగారు ఇంకా ఆరేళ్లు బతికింది. ఆ ఆరేళ్లలో మునిరత్నం షెడ్డు పక్కన రెండో షెడ్డు వేశాడు, మంచి పేరు తెచ్చుకున్నాడు. కూతురి చదువులో ఏ సంవత్సరం ఏం జరిగిందో అడిగితే చెప్పలేకపోయేవాడు. రుక్మిణమ్మ హోసూరు తిరిగి వచ్చేసరికి బల్ల పని ఇద్దరు ఆడపిల్లలు చేస్తున్నారు, ఆమె వారికి మేడమ్. కిందటి నెల ఆమె కూతురు నాకు ఉత్తరం రాసింది. అమ్మ పోయిందని, నాన్న పోయి నాలుగేళ్లయిందని. అందులో ఒక మాట ఉంది. "అమ్మకు మత్తూరు కంటే ఆ షెడ్డే పుట్టిల్లు సార్. పోలేని పుట్టిల్లు మాదిరి దాన్ని తలుచుకుంటా ఉండింది. నన్ను చూసుకునేదానికి వచ్చింది కాబట్టి నా ముందర తలుచుకునేది కాదు. నాకు తెలిసేది."

ఆ ఉత్తరం చదివిన రోజు మా ఆవిడను తలుచుకున్నాను. పెళ్లికి ముందు ఆమె బాపట్లలో హైస్కూలు లెక్కల టీచరు. నాతో హోసూరు రావడానికి రాజీనామా ఇచ్చింది. ఆ రాజీనామా ఉత్తరం తపాలా పెట్టెలో వేసింది నేనే. రాజీనామా బదులు జీతం లేని సెలవు అడగవచ్చేమోనని ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆమె పోయి మూడేళ్లయింది. ఇప్పుడు ఎవరినీ అడగలేను.

ఇరవై ఆరేళ్లు ఈ ఉద్యోగం చేశాను. ఈ ఉదంతం నాకు నేర్పింది రెండు విషయాలు. యూనిట్‌లో ఒక మనిషిని మార్చమని రాసే ముందు, ఆ మనిషి పొద్దున వచ్చి మొదట ఏం చేస్తుందో నిలబడి చూడాలి. ఆ తరువాత ప్రతి యూనిట్‌కూ మొదటి తనిఖీ నేను తెల్లవారి పని మొదలయ్యే వేళకే పెట్టుకున్నాను. రెండోది, మినహాయింపు ఉన్న నియమాన్ని మినహాయింపు లేనట్టు అమలు చేయడం క్రమశిక్షణ కాదు, సోమరితనం. డీవియేషన్ నోట్ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం అచ్చువేసి ఉండేది. మినహాయింపు కోరడానికి గడువు లేదని. అది తప్పు.